కార్నియా గాయాలు, పుళ్లు

కంటి ముందు భాగాన, నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. పాఠ్యపుస్తకాల్లో దీని పేరు శుక్లపటలం. వాడుకలో విడిగా పేరు లేదు. 'నల్లగుడ్డు' అన్న మాటలోనే ఇదీ కలిసిపోతుంది. ఈ పొర గీరుకుపోవడం, నలుసు దిగబడడం, సున్నంతోనో ఆమ్లంతోనో కాలడం, చీలడం కార్నియా గాయాల కిందికి వస్తాయి. గాయమైన చోట సూక్ష్మజీవులు చేరి పొరను తినేస్తుంటే దాన్ని కార్నియా పుండు లేదా కెరటైటిస్ అంటారు. పుండు మానిన తరువాత మిగిలే తెల్లని మచ్చే తెలుగు ఊళ్లలో 'కంట్లో పువ్వు'. గాయానికీ పుండుకూ మధ్య దూరం చాలాసార్లు ఒకటి రెండు రోజులే. ఆ రెండు రోజుల్లో కంట్లో ఏం వేశారు, ఏం వేయలేదు అన్నదే చూపు దక్కుతుందో లేదో తేలుస్తుంది.

భారతదేశంలో 2015-19 మధ్య జరిగిన జాతీయ అంధత్వ సర్వే ప్రకారం 50 ఏళ్లు దాటినవారి అంధత్వంలో 66.2 శాతానికి శుక్లాలు కారణం. 50 ఏళ్లలోపు వారిలో మాత్రం మొదటి స్థానం కార్నియా మచ్చలది, 37.5 శాతం. శుక్లం ముదిమిలో వచ్చి శస్త్రచికిత్సతో పోతుంది. పువ్వు పని చేసే వయసులో వస్తుంది, అంత తేలిగ్గా పోదు.

నిర్మాణం

కార్నియా అడ్డంగా సుమారు 11.5 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. నడిమధ్యన మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. కంటిలోకి వచ్చే కాంతిని వంచే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు దీనిదే, అంటే సుమారు 43 డయాప్టర్లు. లోపల ఉన్న కటకానిది మిగతా వంతు.

పైన 5 నుంచి 7 వరుసల కణాలతో పలుచని పైపొర, దాని కింద బౌమన్ పొర, ఆ కింద మందంలో 90 శాతం ఆక్రమించే స్ట్రోమా, తరువాత డెసిమెట్ పొర, అన్నిటికన్నా లోపల ఒకే వరుస కణాల ఎండోథీలియం ఉంటాయి. స్ట్రోమాలోని కొల్లాజెన్ పోగులు క్రమం తప్పకుండా పేర్చినట్టు ఉండడం వల్లే పొర అద్దంలా కనిపిస్తుంది. ఆ క్రమం చెదిరిన చోట మచ్చ పడుతుంది. పైపొర మాత్రమే ఊడితే 1 నుంచి 3 రోజుల్లో మచ్చ లేకుండా కొత్త పొర వస్తుంది. బౌమన్ పొర దాటి స్ట్రోమా దెబ్బతింటే మచ్చ తప్పదు. చికిత్స ఆరాటమంతా ఈ గీత దాటకుండా చూడడం గురించే.

కార్నియాలో రక్తనాళాలు లేవు. ప్రాణవాయువు ఎక్కువగా కన్నీటి నుంచి అందుతుంది. పారదర్శకతకు ఇది అవసరం, కానీ ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు పోరాడే తెల్లకణాలు చేరడం ఆలస్యమవుతుంది. నాడుల కొసలు మాత్రం ఒంట్లో మరెక్కడా లేనంత దట్టంగా ఉంటాయి. కంటికి కనిపించనంత చిన్న ఇసుక రేణువు కూడా మనిషిని నిలవనీయకపోవడానికి కారణమిదే.

చరిత్ర

బూజు జాతి సూక్ష్మజీవి కార్నియాను పుండు చేయగలదని మొదట వర్ణించినవాడు జర్మన్ నేత్రవైద్యుడు థియోడర్ లేబర్, 1879లో. ఆయన దగ్గరికి వచ్చిన రోగి ఒక రైతు. నూర్పిడి వేళ ఓట్ల పొట్టు ఎగిరి అతని కంట్లో పడింది. ఓట్ల బదులు వడ్లు అనుకుంటే, ఇవాళ మన జిల్లాల నుంచి పెద్దాసుపత్రికి చేరే కేసుకూ దానికీ తేడా కనిపించదు.

గాయాన్ని కంటికి కనిపించేలా చేసే ఫ్లోరెసిన్ రంగును 1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేశాడు. సన్నని వెలుగు చీలికతో కంటి పొరలను విడివిడిగా చూపే స్లిట్ ల్యాంప్‌ను 1911లో స్వీడన్‌కు చెందిన ఆల్వార్ గుల్‌స్ట్రాండ్ ప్రదర్శించాడు. నోబెల్ బహుమతి అందుకున్నదీ అదే ఏడాది. బూజు పుళ్లకు ఇప్పటికీ మొదటి మందైన నాటమైసిన్ 1950ల్లో దక్షిణాఫ్రికాలోని నాటాల్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది.

మనిషి నుంచి మనిషికి కార్నియా మార్పిడి తొలిసారి విజయవంతమైంది 1905 డిసెంబరు 7న. మొరావియాలోని ఒలొమోత్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ ఆ శస్త్రచికిత్స చేశాడు. గ్రహీత సున్నం పడి రెండు కళ్లూ పోగొట్టుకున్న కూలీ. గాయం వల్ల తీసేయాల్సి వచ్చిన ఒక బాలుడి కన్ను నుంచి కార్నియాను తీసి వాడారు. ఒక కంటిలో అది స్వచ్ఛంగా నిలిచింది.

తెలుగు నేలపై ఈ రంగంలో పెద్ద పేరు హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో దీన్ని స్థాపించారు. సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ పేరు పెట్టారు. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్‌లోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నం, కర్నూలులలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ఈ కేసులు చూస్తాయి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన వైఎస్సార్ కంటి వెలుగు ప్రధానంగా కళ్లద్దాలు, శుక్లాల కోసం చేసిన సామూహిక పరీక్షలు. గాయం శిబిరం వచ్చేదాకా ఆగదు కాబట్టి దానికి వేరే దారి కావాలి.

గాయాల రకాలు

1996లో రూపొందిన బర్మింగ్‌హామ్ వర్గీకరణ కంటి గాయాలను రెండుగా విడదీస్తుంది: కనుగుడ్డు గోడ పూర్తి మందంగా చీలితే తెరుచుకున్న గాయం, చీలకపోతే మూసుకున్న గాయం. మొదటి సహాయం ఏం చేయాలో ఈ ఒక్క తేడాయే నిర్ణయిస్తుంది.

గీరుకుపోవడం, నలుసు. వరి కోతలు, నూర్పిళ్లు, తూర్పారపట్టడం, చెరకు తోటలో ఆకు గీరడం, పత్తి చేలో పుల్ల గుచ్చుకోవడం, పాలు పితికేటప్పుడు పశువు తోక కొట్టడం పల్లెల్లో సాధారణ కారణాలు. పట్నాల్లో గ్రైండింగ్ చక్రం నుంచి ఎగిరే ఇనుప రజను ముందుంటుంది. ఇనుప నలుసు ఒక రోజు ఉండిపోతే దాని చుట్టూ తుప్పు వలయం పడుతుంది. నలుసు తీసినా ఆ వలయం మిగులుతుంది, దాన్ని విడిగా తీయాలి.

వెల్డింగ్ కన్ను. ముసుగు లేకుండా వెల్డింగ్ వెలుగు చూస్తే అతినీలలోహిత కిరణాలు పైపొరను మాడుస్తాయి. అప్పుడేమీ తెలియదు. కొన్ని గంటల తరువాత, సాధారణంగా అర్ధరాత్రి వేళ, కళ్లలో కారం కొట్టినట్టు మంట, ధారగా నీళ్లు. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

రసాయనాలు. క్షారం ఆమ్లం కన్నా ప్రమాదకరం. ఆమ్లం పైన ప్రొటీనును గడ్డకట్టించి తన దారికి తానే అడ్డుపడుతుంది. క్షారం కణాల కొవ్వును కరిగిస్తూ లోపలికి దిగుతూనే ఉంటుంది. తాంబూలానికీ, ఖైనీకీ వాడే సున్నం పొట్లాన్ని పిల్లలు నొక్కితే అది చిట్లి నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. ఇంట్లో అలాంటి పొట్లం ఉంటే పిల్లలకు అందనంత ఎత్తున పెట్టాలని ఈ వ్యాసం చదివే ప్రతివారినీ కోరవలసి ఉంది.

మొద్దు దెబ్బ. బిళ్లంగోడు, క్రికెట్ బంతి, దీపావళి టపాకాయలు. కార్నియా వెనుక గదిలో రక్తం చేరవచ్చు. దీన్ని హైఫీమా అంటారు. కూర్చున్నప్పుడు రక్తం కిందికి దిగి ఎర్రని మట్టంగా కనిపిస్తుంది. 2 నుంచి 5 రోజుల మధ్య మళ్లీ రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది కనుక తల ఎత్తుగా పెట్టి పడుకోబెడతారు, ఆస్పిరిన్ ఇవ్వరు.

చీలిన గాయం. గుచ్చుకున్న వస్తువును లాగకూడదు, కడగకూడదు, నొక్కకూడదు, ఆయింట్‌మెంట్ పెట్టకూడదు. కంటికి తగలకుండా కాగితపు కప్పు లాంటిది బోర్లించి, చుట్టూ ఎముకల మీద ఆన్చి టేపు వేసి, నోటికేమీ పెట్టకుండా ఆసుపత్రికి తేవాలి. అరుదుగా, దెబ్బ తగిలిన కన్ను వల్ల రెండో కన్ను కూడా వాచి చూపు పోతుంది; దీన్ని సింపథెటిక్ ఆఫ్తాల్మియా అంటారు. అంధుల లిపిని రూపొందించిన లూయీ బ్రెయిల్‌కు మూడేళ్ల వయసులో, 1812లో, తండ్రి తోలు పని దుకాణంలో ఆర గుచ్చుకుంది ఒక కంట్లోనే. కొన్నేళ్లకు రెండు కళ్లూ పోయాయి.

పుండు: కారణ జీవులు

చల్లని దేశాల్లో బాక్టీరియా పుళ్లు ఎక్కువ. దక్షిణ భారతదేశంలో బూజు పుళ్లు వాటితో సమానంగా, కొన్ని చోట్ల మించి కనిపిస్తాయి. ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ ముఖ్యమైనవి. రెండూ మట్టిలో, పొట్టులో, కుళ్లిన ఆకులో ఉండేవే. పుల్ల గీరినప్పుడు గాయమూ బూజు విత్తనమూ ఒకేసారి కంట్లోకి చేరుతాయి.

బాక్టీరియా పుండు త్వరగా పెరుగుతుంది, తడిగా, చీముతో ఉంటుంది. బూజు పుండు పొడిగా, బూడిద తెలుపులో, అంచులు ఈకలా చెదిరి, పక్కన చిన్న చుక్కలతో ఉంటుంది. నొప్పి కనిపించేదానికన్నా తక్కువగా ఉండడంతో రోగి తాత్సారం చేస్తాడు. హెర్పిస్ వైరస్ పుండు చెట్టు కొమ్మలా చీలుతుంది, ఆ చోట స్పర్శ తగ్గుతుంది. కుళాయి నీటితో కాంటాక్ట్ లెన్సులు కడిగేవారికి అకాంథమీబా పట్టవచ్చు. ఇందులో నొప్పి భరించలేనంతగా ఉంటుంది, పుండు ఉంగరంలా కనిపిస్తుంది. పిథియం అనే జీవి బూజులా కనిపిస్తుంది కానీ బూజు కాదు, బూజు మందులకు లొంగదు. లినెజోలిడ్, అజిత్రోమైసిన్ దానికి వాడతారు. మందు పనిచేయని 'బూజు' పుళ్లలో కొన్ని నిజానికి ఇవేనని హైదరాబాద్ వైద్యుల పరిశోధనలు చూపాయి.

పిల్లల్లో విటమిన్ ఎ లోపం తీవ్రమైతే కార్నియా మెత్తబడి కరిగిపోతుంది (చూ. రేచీకటి). ట్రాకోమా ఒకప్పుడు దేశంలో పెద్ద సమస్య. భారత్‌లో అది ప్రజారోగ్య సమస్యగా నిర్మూలితమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో గుర్తించింది.

కన్ను ఎర్రబడే ఇతర జబ్బులు

కండ్లకలకలో (చూ. కండ్లకలక) ఎరుపు, పుసులు, ఇసుక పడ్డట్టు గరగర ఉంటాయి, చూపు తగ్గదు. ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది, ఒకటి రెండు వారాల్లో పోతుంది. తెల్లగుడ్డు మీద రక్తపు మరక హఠాత్తుగా కనిపించి నొప్పి లేకపోతే, పైపొర కింద చిన్న రక్తనాళం చిట్లిందని అర్థం, దానంతటదే పోతుంది. రెప్ప అంచున కురుపు వస్తే వేడి కాపడం చాలు. ఒక కంట్లో తీవ్రమైన నొప్పి, దీపం చుట్టూ రంగుల వలయాలు, వాంతులు ఉంటే అది నీటికాసుల తీవ్ర దాడి కావచ్చు (చూ. నీటికాసులు), ఆ రాత్రే వైద్యం అందాలి. వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నల్లగుడ్డు మీద తెల్లచుక్క, ఈ మూడింట్లో ఏదున్నా దాన్ని కండ్లకలక అని వదిలేయకూడదు.

నిర్ధారణ

మొదట ఒక్కో కంటి చూపును 6 మీటర్ల దూరం నుంచి అక్షరాల పట్టికతో కొలుస్తారు. రసాయనం పడిన కేసులో మాత్రం ముందు కడగాలి, కొలత ఆ తరువాతే.

తరువాత ఫ్లోరెసిన్ పరీక్ష. నారింజ రంగు కొసతో ఉన్న సన్నని కాగితపు పట్టీని ఒక చుక్క నీటితో తడిపి కింది రెప్ప లోపలి వైపు తాకిస్తారు. రోగి రెండుసార్లు రెప్ప వేస్తాడు. నీలి కాంతి వేయగానే, పైపొర ఊడిన చోటు మాత్రమే మిణుగురులా పచ్చగా వెలుగుతుంది. గీతలు నిలువుగా వరుసగా ఉంటే పై రెప్ప లోపల ఇంకా నలుసు ఉందన్నమాట. రెప్ప తిప్పి చూడాలి. పచ్చని రంగులో సన్నని ధార పారుతూ కనిపిస్తే కన్ను చిల్లుపడి లోపలి నీరు కారుతున్నట్టు. ఈ పరీక్షకు పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేయవచ్చు.

పుండు ఉంటే మత్తు చుక్కలు వేసి, బ్లేడుతో అంచును, అడుగును గీకుతారు. గీకిన పదార్థాన్ని స్లైడు మీద పెట్టి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే కణాల చెత్త కరిగి పలచబడుతుంది. బూజు ఉంటే సూక్ష్మదర్శిని కింద అప్పుడు గాజు దారాల్లాంటి పోగులు, మధ్యమధ్య అడ్డుగోడలతో, కొమ్మలుగా చీలుతూ తేలుతాయి. అది కనిపించిన నిమిషాన చికిత్స దారి మారిపోతుంది. మరో స్లైడుకు గ్రామ్ రంగు వేస్తారు. బ్లడ్ అగార్, సాబురాడ్ వంటి మాధ్యమాల్లో కల్చర్ పెడతారు. బూజు మొలవడానికి రోజులు పడుతుంది కనుక మందు స్లైడు చూసే మొదలుపెడతారు.

సుత్తి, ఉలి పని చేస్తుండగా దెబ్బ తగిలితే లోపల లోహపు ముక్క ఉండవచ్చు. ఎక్స్‌రే లేదా సీటీ తీస్తారు. ఇనుము ఉందన్న అనుమానం ఉంటే ఎంఆర్ఐ తీయకూడదు, అయస్కాంతం ఆ ముక్కను కదిలిస్తుంది.

మొదటి 18 గంటలు

గీరుకున్న గాయం పుండు కాకుండా చూసే విషయంలో అన్నిటికన్నా విలువైన పాఠం నేపాల్ నుంచి వచ్చింది. కాఠ్‌మాండూ లోయలోని భక్తపూర్ జిల్లాలో 34,902 మంది జనాభాను రెండేళ్లు గమనించారు. శిక్షణ పొందిన గ్రామ స్థాయి కార్యకర్తలు 442 మంది కార్నియా గీరుడు గాయాలకు 1 శాతం క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్‌ను రోజుకు మూడుసార్లు మూడు రోజులపాటు పెట్టారు. 18 గంటల్లోపు వచ్చిన 284 మందిలో ఒక్కరికీ పుండు పట్టలేదు. 18 నుంచి 24 గంటల మధ్య వచ్చిన 109 మందిలో నలుగురికి పట్టింది. 24 నుంచి 48 గంటల మధ్య వచ్చిన 49 మందిలో 14 మందికి పట్టింది. 2001లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఒక చవకైన ట్యూబు, ఊళ్లోనే ఉండే ఒక మనిషి, ఒక రోజు లోపు. ఆశా కార్యకర్తలున్న మన ఊళ్లలో ఇది అసాధ్యం కాదు.

చికిత్స

కంట్లో సున్నం, ఆమ్లం, బ్యాటరీ నీళ్లు పడితే ఆసుపత్రికి బయల్దేరక ముందే, ఉన్నచోటనే, దొరికిన శుభ్రమైన నీటితో కనీసం 15 నుంచి 30 నిమిషాలు ధారగా కడగాలి. రెప్పలు బలవంతంగానైనా తెరిచి, కనుగుడ్డు అన్ని వైపులా తిప్పించాలి. ఆసుపత్రిలో రెప్ప తిప్పి సున్నం పలుకులు ఏరి, కన్నీటి పీహెచ్ 7 దగ్గరికి వచ్చేదాకా కడుగుతూనే ఉంటారు.

గీరుకున్న గాయానికి యాంటీబయాటిక్ చుక్కలు లేదా ఆయింట్‌మెంట్ ఇస్తారు. పుల్ల, ఆకు గీరిన కంటికి, కాంటాక్ట్ లెన్సు వాడేవారి కంటికి కట్టు కట్టకూడదు. వేడి, చీకటి సూక్ష్మజీవులకు సాయపడతాయి. మత్తు చుక్కలు పరీక్ష కోసమే. ఇంటికిస్తే నొప్పి తెలియక రోగి పదేపదే వేసుకుంటాడు, పైపొర మానదు.

బాక్టీరియా పుండుకు గంటగంటకూ, పగలూ రాత్రీ, యాంటీబయాటిక్ చుక్కలు: మాక్సీఫ్లాక్ససిన్, లేదా గాఢత పెంచి తయారుచేసిన సెఫజోలిన్, టోబ్రామైసిన్. బూజు పుండుకు 5 శాతం నాటమైసిన్, వారాల తరబడి. దక్షిణ భారతదేశంలోని అరవింద్ ఆసుపత్రుల్లో జరిగిన, 2013లో వెలువడిన పరిశోధనలో ఖరీదైన వొరికొనజోల్ కన్నా నాటమైసినే మెరుగని, ముఖ్యంగా ఫ్యుజేరియం విషయంలో, తేలింది. హెర్పిస్‌కు 3 శాతం అసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ రోజుకు 5 సార్లు. నొప్పి తగ్గడానికి కంటిపాపను విప్పే అట్రోపిన్ లేదా హోమట్రోపిన్ జతచేస్తారు.

వాడకూడనివి ఇంతకన్నా ముఖ్యం. మందుల షాపులో 'కన్ను ఎర్రబడింది' అంటే ఇచ్చే చుక్కల్లో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిపినవి చాలా ఉన్నాయి. వేసిన రెండు రోజులకు ఎరుపు దిగుతుంది, నొప్పి తగ్గుతుంది, మనిషి మళ్లీ పొలానికి పోతాడు. లోపల బూజుకు అడ్డు తొలగిపోయి అది లోతుకు పాకుతుంది. హెర్పిస్ పుండు కూడా స్టెరాయిడ్‌తో కొమ్మలు కలిసిపోయి పెద్దదవుతుంది. ఎర్రకంటికి పరీక్ష లేకుండా స్టెరాయిడ్ చుక్క వేయడం కన్నా ఏమీ వేయకపోవడం మేలు. అలాగే ఆకు పసరు, చనుబాలు, ఆముదం పోయడం, నాలుకతో నలుసు తీయించడం కూడా కూడదు. పెద్దలు ప్రేమతో చేసే పనులివి, కానీ గీరుకున్న కంటికి పసరు అంటే బూజు విత్తనమే.

శస్త్రచికిత్స, నేత్రదానం

పుండు చిల్లుపడే స్థితికి వస్తే సైనోయాక్రిలేట్ జిగురుతో మూసి, పైన కట్టులా కాంటాక్ట్ లెన్సు పెడతారు. అది చాలకపోతే కన్ను కాపాడడానికే అత్యవసరంగా కార్నియా మారుస్తారు. చూపు కోసం మార్చడం పుండు పూర్తిగా మానిన తరువాత. లోపలి పొర బాగుంటే పై పొరలు మాత్రమే, లోపలి పొరే పాడైతే అదొక్కటే మార్చే పద్ధతులూ ఉన్నాయి.

సున్నంతో కాలిన కంట్లో కార్నియా అంచున ఉండే మూలకణాలు చచ్చిపోతాయి కనుక కొత్త కార్నియా పెట్టినా నిలవదు. రెండో కన్ను బాగుంటే అక్కడి అంచు నుంచి 2 మిల్లీమీటర్ల చదరపు ముక్క తీసి, 8 నుంచి 10 తునకలు చేసి, మాయ నుంచి తీసిన ఆమ్నియాన్ పొర మీద నాటే స్లెట్ పద్ధతిని హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ సంస్థ వైద్యులు 2012లో ప్రకటించారు. ప్రయోగశాలలో కణాలు పెంచే ఖర్చు దీనితో తప్పింది.

మార్చడానికి కార్నియా చనిపోయినవారి నుంచే రావాలి. మరణించిన 6 గంటల్లోపు తీయాలి. నేత్రనిధికి కబురు పెట్టాక కళ్లు మూసి, తడి దూది పరిచి, తల కింద దిండు పెట్టి, ఫ్యాను ఆపాలి. పని 20 నిమిషాల లోపే అయిపోతుంది, ముఖం వికారం కాదు. కళ్లద్దాలున్నవారు, శుక్లాల ఆపరేషన్ అయినవారు, మధుమేహం ఉన్నవారు దానం చేయవచ్చు. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, రేబిస్ ఉన్నవారి నుంచి తీసుకోరు. ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 వరకు దేశమంతా నేత్రదాన పక్షోత్సవాలు జరుగుతాయి.

కొత్త కార్నియాను వెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారంతో, సాధారణంగా 16 కుట్లతో కుడతారు. కుట్లు విప్పడం ఏడాదికి పైగా సాగుతుంది. శరీరం ఆ పొరను తిరస్కరించే ప్రమాదం ఆ తరువాత కూడా ఉంటుంది. ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, మసక, నొప్పి దాని నాలుగు గుర్తులు. ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు వస్తే చాలాసార్లు స్టెరాయిడ్ చుక్కలతోనే, ఈసారి వైద్యుడి చేతుల్లో, పొర నిలుస్తుంది.